కొసరు

త్రియెస్తేలో బోరా గాలి లేచిందంటే
మా వీధిలో మనుషులు ఏటవాలుగా నడుస్తారు,
అచ్చులో వాల్చి పెట్టిన అక్షరాల్లా.
ఆ రోజు అలా వాలుతూనే లోపలికొచ్చింది ఒండీనా.
ముందు చేపల వాసన, వెనక మనిషి.

కిటికీలో వేలాడుతున్నది ఆవిడ మొహమే.
మొన్న ఎండల్లో చేపల మార్కెట్ మెట్ల మీద
నెవా గీసింది, ఒక సిగరెట్టు కాలేంత సేపట్లో,
బొగ్గుతో.
దవడ గీత ఒకటే విసురు.
మధ్యలో బొగ్గు విరిగింది.
విరిగిన చోట నెవా మళ్ళీ అందుకోలేదు,
అలాగే ఖాళీ వదిలేసింది.
ఎడమ కన్ను కన్ను కాదు, బొటనవేలి మరక.
కుడి కన్ను మాత్రం
చిల్లర తక్కువిచ్చిన వాణ్ణి చూసినట్టు
దారిన పోయే ప్రతివాణ్ణీ చూస్తుంది.

అసలు బొమ్మ నెవా ఎవరికీ అమ్మదు.
ప్రింట్లు యాభై, ఆపైన ఒక్కటి వెయ్యం.
నూలు కాగితం. కింద పెన్సిలు అంకె, పక్కన సంతకం.
అంచులు కోసేదీ, గొట్టంలోకి చుట్టేదీ,
డబ్బు లెక్కపెట్టేదీ నేను.

"ఎంత?"
"ముప్పై అయిదు యూరోలు."
"కిలోకా?"
నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

చేతులు కోటుకి తుడుచుకుని
కాగితం మూల పైకెత్తి చూసింది,
మొప్పలెత్తి చూసినట్టు.
వాసన పీల్చింది. దీపానికి పట్టి చూసింది.
"తాజాదే," అంది. "నేను మాత్రం కాదు."
కాసేపాగి,
"సాయంత్రం అయిదు దాటి, ఐసంతా నీళ్ళయ్యాక
ఇంకా రెండు కానాగంతలు మిగిలిపోతే,
అప్పుడైతే నేనే."

"నన్నెవరెవరు కొన్నారు?"
చిట్టా తీశాను.
ఒకటో నంబరు పళ్ళ డాక్టరు, రోగులు కూర్చునే గదికి.
ఆరూ ఏడూ ఒకాయనే, వారం తేడాలో. ఎందుకో చెప్పలేదు.
తొమ్మిది, గొరీత్సియా నుంచి ఒకావిడ.
మా అమ్మే అని ఏడ్చింది,
కాదనడానికి నాకు నోరు రాలేదు.
పది, గ్రాజ్ నుంచి ఓ కొత్త జంట,
వాళ్ళ సోఫాకి నప్పిందట.
"ఏ రంగు సోఫా?"
"బూడిద రంగు."
ఒండీనా తలూపింది, న్యాయమే అన్నట్టు.

నెవా మీకు ఊరికే ఇమ్మంది అన్నాను.
"నా మొహం నేను అప్పు తెచ్చుకోను."
నోట్లు లెక్కపెట్టింది. తడి నోట్లు.
ఒకదానికి పొలుసు అంటుకుని మెరుస్తోంది.
పదకొండో నంబరు.

తర్వాత చెయ్యి చాపి, "కొసరు?" అంది.
ముప్పయ్యేళ్ళుగా తూకం అయ్యాక
ఇంకో రెండు వేసిన చెయ్యి అది.
నా దగ్గరేముంది?
అంచులు కోయగా మిగిలిన తెల్లటి చీలికలు
ఓ గుప్పెడు ఇచ్చాను.
మడత పెట్టి జేబులో దోపుకుంది.

పదో రోజున గాలి తగ్గాక మళ్ళీ వచ్చింది.
"ఇంకోటియ్యి."
"ఎవరికైనా బహుమతా?"
"కాదు. స్టవ్వు పైన పెట్టాను.
రాత్రి మంచినీళ్ళకి లేస్తే
ఆ కుడి కన్ను నన్నేదో బాకీ అడుగుతోంది.
ఎదుటి గోడకి రెండోది తగిలిస్తా.
వాళ్ళలో వాళ్ళు తేల్చుకుంటారు,
నేను నీళ్ళు తాగి పడుకుంటా."

పన్నెండోది చుడుతున్నాను.
బల్ల మీద పొట్లం పెట్టింది.
మొదటి బొమ్మకి నేను చుట్టిచ్చిన పల్చటి కాగితమే,
మడతలు కూడా నావే.
లోపల నాలుగు కవళ్ళు.
"కొసరు," అంది, డబ్బుతో పాటు.

మర్నాడు మార్కెట్టుకి వెళ్ళాను, ఏదీ కొనడానికి కాదు.
బేరం జోరులో ఉంది, నన్ను చూడలేదు.
ఐసులో చేపల మధ్య పుల్లలకి గుచ్చి
నా తెల్ల చీలికలు.
నూరేళ్ళు పచ్చబడదని
కొన్నవాళ్ళందరికీ నేను చెప్పే కాగితం.
దాని మీద, తడికి అలుక్కుపోతూ,
కవళ్ళు, కిలో ఆరున్నర.